గేటుకు అంటించిన నంబర్లు

ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ఫలితాలను శ్రీరాంపురంలోని మా బడి గేటుకు అంటించారు. అది 1979. లెక్కల పేపరు నేను సరిగ్గా రాయలేదు. గుంపులోకి దూరే ధైర్యం లేక సోడా అంగడి ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను.

బట్టల మిల్లులో పనిచేసే మా నాయనకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. నా హాల్ టికెట్ పట్టుకుని ఆయనే అందరినీ తోసుకుంటూ పోయాడు. కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు. మళ్ళీ పైకి పోయాడు. నేను జడ కొస నమిలేస్తున్నాను.

చివరికి ముఖం తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చాడు.

“మూడు సార్లు చూసినా నాగరత్నా. నీ నంబరు యాడా లేదు. బతికిపోతివి!”

జడ కొస వదిలేశాను. “నాయనా, అవి పాసైనోళ్ళ నంబర్లు.”

తుండుగుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “అట్లనా? గేటుకు అంటిస్తే తీసేసినోళ్ళ నంబర్లే కదా. పోయిన నెల మా మిల్లులో...” అని నాలుక కరుచుకున్నాడు.

రోజూ పొద్దున్నే క్యారియర్ పట్టుకుని మిల్లుకని బయలుదేరుతూనే ఉన్నాడు. కానీ ఆయన జుట్టులో దూది పీచు కనబడి చాలా రోజులైందని నాకప్పుడే తట్టింది.

“నాయనా, ఆ మిల్లు గేటు మీద నీ నంబరు ఉండిందా?”

ఆయన నా హాల్ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

“మీయమ్మకు ముందు నీది చెప్దాం,” అన్నాడు.