పన్నెండున్నర వోల్టులు

కారు అద్దం మీద మంచు గట్టిపడి పెచ్చు కట్టింది.

టైలరు మాస్టారు చెక్క స్కేలుతో దాన్ని గీకుతున్నారు.

"బ్యాటరీ చూడ్డానికి అద్దంతో పనేముంది మాస్టారూ? బానెట్ తీస్తే చాలు," అన్నాడు మెకానిక్.

ఆయన గీకడం ఆపలేదు.

మాస్టారి భార్య పోయి పదకొండు రోజులైంది. ఆ రోజు పొద్దున్నే ఆమెకు ఊపిరాడలేదు. పట్టుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. కారు స్టార్ట్ కాలేదు. జారే రోడ్ల మీద అంబులెన్సు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది.

అన్ని నిమిషాలు ఆమె దగ్గర లేవు.

గుమ్మం ముందు మెట్టు మీద కూతురు కూర్చుని ఉంది. పక్కన సూట్‌కేసు.

"పది గంటల బస్సుకి వెళ్తుందిట. నేను దింపుతానన్నాను," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "ఊ అనలేదు, ఆ అనలేదు. నాతో మాట్లాడి పదకొండు రోజులు."

మెకానిక్ సంచీలోంచి మీటరు తీశాడు.

"తప్పు నాదేలే తమ్ముడూ. ముందురోజు సాయంత్రం మందుల కవరు కోసం కారు తీశాను. లోపలి లైటు ఆర్పడం మర్చిపోయాను. తెల్లారేదాకా వెలిగి బ్యాటరీ దిగిపోయింది. ఆ లైటు చూసి ఆర్పింది కూడా అమ్మాయే."

మెకానిక్ మీటరు పుల్లలు రెండూ బ్యాటరీకి ఆనించాడు.

పన్నెండున్నర వోల్టులు. నిండు బ్యాటరీ చూపించే అంకె.

తీసి మళ్లీ ఆనించాడు. పన్నెండున్నరే.

దిగిపోయిన బ్యాటరీ ఈ చలిలో పదకొండు రోజులు పడుంటే ఇంకా దిగుతుంది. దానంతటది నిండదు.

"ఆ పొద్దున తాళం తిప్పితే ఏమైంది మాస్టారూ?"

"టక్కుమంది. ఎన్నిసార్లు తిప్పినా ఒక్క టక్కు, అంతే."

"హెడ్‌లైట్లు?"

"వెలిగాయి. తాళం తిప్పితే ఆరిపోయేవి, వదిలితే మళ్లీ వెలిగేవి."

మెకానిక్ చేతి తొడుగు విప్పి మైనస్ వైపు తీగ క్లిప్పు పట్టుకున్నాడు.

వదులైన ఉంగరంలా తిరిగింది.



చలికాలానికి ముందు ఈ బ్యాటరీ వేసింది తనే. ప్లస్ వైపు స్పానరుతో బిగించాడు. మైనస్ వైపు క్లిప్పు చేత్తో కూర్చోబెట్టాడు. అప్పుడే ఫోను మోగింది. మాట్లాడుతూనే మోచేత్తో బానెట్ మూసేశాడు.

చేతులు కడుక్కోమని మాస్టారి భార్య వేణ్ణీళ్లు తెచ్చింది.

"ఈయన చెప్పిన రోజుకి కుట్టడు, నువ్వు చెప్పిన రోజుకి రావు. ఇద్దరూ ఇద్దరే," అని నవ్వింది.

"ఈ చలికాలమంతా దీని జోలికి వెళ్లక్కర్లేదమ్మా," అన్నాడు తను.

ఎండ ఉన్నన్నాళ్లూ ఆ వదులు క్లిప్పుతోనే కారు నడిచింది. చలికి ఇంజను ఆయిలు చిక్కబడింది. తిరగాలంటే ఎప్పటికన్నా ఎక్కువ కరెంటు కావాల్సి వచ్చింది. అంత కరెంటు ఆ క్లిప్పు దాటలేదు.

ఆ పొద్దున ఎవరైనా దాన్ని చేత్తో గట్టిగా ఒక్క నొక్కు నొక్కి ఉంటే సరిపోయేదేమో.

"ఏమైంది తమ్ముడూ?"

"చలికి బ్యాటరీ పోయింది మాస్టారూ. లైటు వల్ల కాదు. ఎవరి తప్పూ లేదు."

స్కేలు ఆగింది.

"నా మనసు కుదుటపడాలని చెప్తున్నావు," అన్నారు మాస్టారు. "మంచివాడివి."

ఆ మాట అతను మోయలేకపోయాడు.

నేరుగా మెట్టు దగ్గరికి నడిచాడు. "అమ్మా, ఒక్కసారి ఇలా రా. నీకు చూపించాలి."

కూతురు వచ్చింది. తండ్రి వైపు చూడలేదు.

"ఇది పట్టుకుని తిప్పు."

తిప్పింది. తిరిగింది.

"అది తిరగకూడదు. బిగించాల్సింది నేను. బిగించలేదు," అన్నాడు. "బ్యాటరీ నిండుగానే ఉంది. లైటు వల్ల దానికేం కాలేదు. మీ నాన్న తప్పేం లేదు."

ఆమె చెయ్యి క్లిప్పు మీదే ఉంది.

"ఆ రోజు కూడా ఇంతేనా?"

"ఇంతే."

"బిగించడానికి ఎంతసేపు పడుతుంది?"

మెకానిక్ సంచీలోంచి స్పానరు తీశాడు.

"చెప్పండి."

"అర నిమిషం."

ఆమె పక్కకు జరిగింది.

అతను క్లిప్పు లోపలి తెల్లటి పొడి గీకేసి, స్పానరు పెట్టి తిప్పాడు. స్పానరు రెండుసార్లు జారి అర నిమిషం కన్నా ఎక్కువే పట్టింది.

మాస్టారు స్కేలు బానెట్ పక్కన పెట్టి, వెళ్లి సీట్లో కూర్చున్నారు. తాళం తిప్పారు.

ఇంజను మొదటిసారికే అందుకుంది.

ఆయన స్టీరింగు మీదకు వంగిపోయారు. వీపు కదులుతోంది. ఇంజను మోతలో ఏడుపు వినపడలేదు.

కూతురు అటువైపు తలుపు తీసి, తండ్రి పక్కన కూర్చుని తలుపు వేసుకుంది.

సూట్‌కేసు మెట్టు మీదే ఉంది.

పది దాటింది. ఇంజను నడుస్తూనే ఉంది.

మెకానిక్‌ని వెళ్లమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.