ఐసు తిన్న చేతులు

"నీ సంగతి సాయంత్రం చూద్దాం. ఎవరన్నా మానుకుంటే ఆ సీటు నీదే" అంది విజయకుమారి మేడం.

కోట ఊళ్ళో ఆసుపత్రి సహాయకుల శిక్షణ కేంద్రం అది. రోగిని పక్కకు తిప్పడం, పడక మార్చడం, బీపీ చూడడం నేర్పి నెల్లూరు ఆసుపత్రులకు పనికి పంపుతారు. చేరడానికి ఇదే ఆఖరు రోజు.

వినీల పేరు ఎంపికలో రాలేదు. వెయిటింగ్‌లో మొదటిది. అందుకే పొద్దున్నించీ వరండాలో బల్ల మీద కూర్చుంది.

కూర్చోక ఏం చేస్తుంది? సీటు రాకపోతే రేపటి నుంచి మళ్ళీ రొయ్యల షెడ్డే. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తుంచడమే.

నెల రోజులుగా షెడ్డు మానేసి, కొబ్బరినూనె పట్టించి, ఎలాగో చేతుల్ని దారికి తెచ్చుకుంది. ఇక్కడ చేతులు చూస్తారని ముందే విన్నది మరి. రోగుల్ని ముట్టుకునే పనికి చర్మరోగం ఉన్నవాళ్ళను తీసుకోరు.

ఎంపికైన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరిపోతున్నారు. గేటు చప్పుడైనప్పుడల్లా వినీల గుండె జారుతోంది.

'వీళ్ళ దుంపతెగ, ఒక్కతికన్నా పెళ్ళి కుదరకూడదా!' అనుకుంది.

ఎండ తగ్గాక ఒకామె వచ్చింది. నలభై దాటినట్టుంది. వెలిసిన చీర, చేతిలో గుడ్డసంచి. మనిషి కంటే ముందు రొయ్యల వాసన వచ్చింది.

"అమ్మా, మేడం లోపల ఉండాదా?"

"ఏం పని?" అంది వినీల.

"ఈ ట్రైనింగు సీటు గురించి..." కొంగుతో మొహం తుడుచుకుంది ఆమె. "ఒక్క మాట చెప్పి పోతా."

సీటు అనే మాట చెవిన పడగానే వినీల ఒళ్ళు మండింది. పొద్దున్నే ఇంతకంటే పెద్దావిడ ఒకతి వచ్చి చేరిపోయింది. ఇప్పుడు ఇదొకటి. ఎవరో పెద్దమనిషి సిఫారసు చేసి పంపి ఉంటాడు, లేకపోతే ఈ వేళప్పుడు ఎందుకొస్తుంది!

"సీట్లు లేవు. అయిపోయినాయి. పో."

"నాక్కాదమ్మా..."

"నీక్కాకపోతే నీ కూతురికా? ఏదీ ఆ మహారాణి? రాలేక నిన్ను పంపినాదా?"

ఆమె చెయ్యి సాచి తలుపు తోయబోయింది.

వినీల చప్పున లేచి అడ్డం నిలబడింది. అప్పుడే ఆ చేతులు కనిపించాయి. తెల్లగా నాని, వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయి, గోళ్ళ చుట్టూ చీలిన చేతులు. అవి ఐసు తిన్న చేతులని వినీలకు ఒకరు చెప్పాలా? నెల కిందట తనవీ అంతే.

తెలిసే అరిచింది.

"చెంగయ్యన్నా! ఈమె చేతులకు ఏందో రోగం! తలుపు పట్టుకుంటా ఉండాది, అందరికీ అంటుకుంటాది!"

కాపలా చెంగయ్య పరుగున వచ్చాడు. వరండాలో పిల్లలు చున్నీలు ముక్కులకు అడ్డం పెట్టుకుని దూరం జరిగారు. ఎవరో "ఛీ" అన్నారు.

"రోగం కాదమ్మా. రొయ్యలు ఒలిచే చేతులు, ఐసుకి ఇట్నే అవుతాయి. నీకు తెలీదులే, చదువుకున్న బిడ్డవి" అంది ఆమె, చేతులు కొంగులో దాచుకుంటూ.

"రోగమున్నోళ్ళంతా ఇట్నే చెప్తారు" అంది వినీల.

"నడువమ్మా, నడువు! మేడం చూస్తే నా ఉద్యోగం ఊడిపోతాది." చెంగయ్య ఆమెను ముట్టుకోకుండా కర్రతో గేటు చూపించాడు.

ఆమె గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఏదో అనబోయి, అందరి మొహాలూ చూసి, వెళ్ళిపోయింది.

'పీడ వదిలింది' అనుకుని వినీల మళ్ళీ బల్ల మీద కూర్చుంది.

గంట తిరక్కముందే మేడం పిలిచింది.

"ఒక పిల్ల రాలేదు. మెర్లిన్ అని. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు."

వినీల మొహం వెలిగిపోయింది.

"అయితే ఆ సీటు నాకే కదా మేడం?"

"ఎట్లా ఇస్తాను? పోయినేడు ఇట్లానే రాని పిల్ల సీటు ఇంకొకరికి ఇస్తే, మర్నాడు వాళ్ళ నాయన వచ్చి గేటుకు అడ్డంగా పడుకున్నాడు. అప్పట్నించి ఇంటివాళ్ళెవరన్నా వచ్చి వద్దని నోటితో చెబితేనే ఇస్తున్నాం. ఎవరూ రాలేదు. ఇప్పుడే కంప్యూటర్లో లిస్టు మూసేశాను. ఇక ఆ సీటు ఎవరికీ లేదు."

"మేడం, మీ కాళ్ళు పట్టుకుంటా..."

"లేమ్మా, లే. నా చేతిలో లేదు. వచ్చే ఏడు చూద్దాం."

వినీల ఏడ్చుకుంటూ బస్టాపుకు వచ్చింది. అక్కడ సిమెంటు దిమ్మె మీద ఇందాకటి ఆమె కూర్చుని ఉంది. సముద్రం పక్క ఊళ్ళకు పోయే బస్సు ఇంకా రాలేదు. వినీల మొహం తిప్పుకుని దూరంగా నిలబడింది.

ఆమే పలకరించింది.

"ఎందుకమ్మా ఏడుస్తా ఉండావు? సీటు రాలేదా?"

ఎవరి మీదో ఒకరి మీద కక్కకపోతే గుండె పగిలేట్టుంది వినీలకు.

"యాడొస్తాది? ఎవతో మెర్లిన్ అంట! అది రాదు, రానని చెప్పదు, ఇంకొకరికి పోనీదు. ఆ ముండ వల్ల నా నోట్లో మన్ను పడింది. దాని పాడె కట్ట!"

బస్సు వచ్చి ఆగింది. ఆమె సంచి తీసుకుని లేచింది. బస్సు కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. గొంతులో కోపం లేదు.

"తిట్టబాకమ్మా, అది నా కూతురే, పోయిన ఆదివారం సమాధి చేసినాం, ఆ సీటు ఎదురుచూసే బిడ్డ ఎవరన్నా ఉంటే ఇమ్మని చెప్పేదానికే వచ్చినా" అంది.