ఎవరెట్ ఆఖరి పొర

ఎవరెట్ పొద్దున్నే డోనట్ల పెట్టెతో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు.

వాంకూవర్‌లోని ఆ ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. పరీక్షలో ఎవరి పొర పగిలితే వాళ్లు అందరికీ డోనట్లు తినిపించాలి. ఎవరెట్ పుణ్యమా అని ఈ ఆరేళ్లలో ల్యాబంతా ఒళ్లు చేసింది.

కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్ ఒకవైపు, గాలి ఒకవైపు. మధ్యన పలచటి ప్లాస్టిక్ పొర. అది గట్టిపడాలని ఎవరెట్ అందులో గ్రాఫీన్ అనే కార్బన్ పొడి కలిపేవాడు. తక్కువ కలిపితే చిరిగేది. ఎక్కువ కలిపితే అప్పడంలా విరిగేది.

"పొరలు పగలగొట్టడంలో నేను ఎప్పుడో డాక్టర్ని. కాగితం చేతికి రావడమే తరువాయి" అని తన మీద తనే జోకులేసుకునేవాడు.

ఆ కాగితానికి ఇంకొక్క గండం మిగిలింది. బయటి పరీక్షకుడు, ఆఖరుగా ఇంకో పొరని పరీక్షించి చూపించమన్నాడు. అది కాస్త అటూ ఇటూ అయిందా, సోమవారం డాక్టరేట్ లేదు. ఆరేళ్లూ గంగలో కలిసినట్టే.

వారంగా యంత్రం ఆ పొరని తడుపుతోంది, ఎండబెడుతోంది.

"అప్పుడే కొనేశావా? నీ మీద నీకెంత నమ్మకమో!" పక్క బల్ల షానా పెట్టె తెరిచింది.

"నా సంగతి నాకు తెలీదా తల్లీ?"

ఎవరెట్ మీటర్ ముందు కూర్చున్నాడు. అంకె పడిపోయిందంటే పొర పగిలినట్టు. అంకె కదల్లేదు. గోళ్లు కొరికాడు. కళ్లు మూసుకుని, చిన్నప్పుడు మానేసిన ప్రార్థన అందుకున్నాడు. సగంలో మరిచిపోయాడు. దేవుడి దగ్గర కూడా ఫెయిలే అనుకున్నాడు.

"ఒరేయ్, నీ పాత పొరలన్నీ ఈపాటికి చచ్చాయి. ఇది ఇంకా బతికే ఉందిరోయ్!" షానా పకపకా నవ్వింది.

ఆ నవ్వు విని ప్రొఫెసర్ మార్గరెట్ పరుగున వచ్చింది. మీటర్ చూసింది. ఎవరెట్‌ని గట్టిగా కావలించుకుంది.

"సాధించావయ్యా! ఇలాంటి పొర కోసం ఎన్నేళ్లుగా కాచుకున్నానో! అదేంటి, ఏడుస్తున్నావా?"

"అవును మేడం."

"ఏడువు నాయనా. నీ స్థానంలో నేనున్నా ఏడ్చేదాన్ని."

షానా అతని చేతిలో డోనట్ పెట్టి వీపు నిమిరింది.

ఆరేళ్లు చెమటోడ్చి రాసి, సోమవారం ఎవరెట్ పదిమంది ముందు సమర్థించుకోవలసిన సిద్ధాంత గ్రంథం, గ్రాఫీన్ కలిపిన ఏ పొరైనా ఆ పరీక్షలో పగిలి తీరుతుందని రుజువు చేస్తోంది.