బరువెక్కే జొన్నమడి

ఒంటిగంటకు జొన్నమడి మళ్ళీ యాభై కిలోలు పెరిగింది.

పటాన్‌చెరు పరిశోధన క్షేత్రంలో ఆ మడి కింద కాంటా పాతిపెట్టి 1976 నాటికి ఏడాదైంది. మడి ఎంత తేలికైతే, ఎండ అన్ని నీళ్ళు తాగినట్టు లెక్క. అలాంటిది మిట్టమధ్యాహ్నం బరువు పెరగడమా! ‘జొన్న గాలిలోని నీళ్ళు తాగుతోంది’ అని ఢిల్లీకి టెలిగ్రాం రాసుకుని, ఒక్కసారి కళ్ళారా చూద్దామని, ఆ కాంటా లెక్కలు చూసే శాస్త్రవేత్త కైలాసం మడికి పరుగెత్తాడు.

జొన్నల నీడలో కూలీ నర్సింహమ్మ సద్ది తింటోంది.

“లెవ్వమ్మా! నువ్వు కాంటా మీద కూసున్నవ్!”

“భూమినే జోకుతున్నరా సారూ? సరిగ్గ సూపిస్తదా?”

“గ్రాము తేడా రాదు,” అన్నాడు కైలాసం, టెలిగ్రాం చింపేస్తూ.

మర్నాడు మడి నలభై ఒక్క కిలోలు పెరిగింది. మండిపడుతూ వెళ్ళాడు. మడిలో కందుల మూట, గట్టుమీద నర్సింహమ్మ.

“కోపం చెయ్యకు సారూ. మూట ఎంతున్నదో జెర చెప్పు.”

“నలభై ఒకటి. బజార్ల జోకిచ్చుకోరాదా?”

“జోకిచ్చిన. మీ నాయిన దుకాణం కాంటాల ముప్పై అయిదే వచ్చింది.”

ఆ రోజు రిజిస్టరులో కైలాసం ఇలా రాశాడు: “తేడా ఆరు కిలోలు. ఎండ తాగలేదు.”