లస్కానో నవ్విన సినిమా

హాలంతా పగలబడి నవ్వుతోంది. హైదే ఒక్కతే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

“అక్కా, చూడు చూడు! కోడిపెట్ట మంత్రిగారి మంచమెక్కి గుడ్డు పెట్టేసింది!” పక్కనున్న నేలిదా మోచేత్తో పొడిచింది.

హైదే కళ్ళు ఇంకా గట్టిగా బిగించింది.

తెరమీద ఒవీదియో లస్కానో నవ్వుతున్నాడు. లారీ తోలుకునేవాడు నటుడయ్యాడని పత్రికలు అతని గురించి రాసేవి. ఇరవై ఏళ్ళుగా అర్జెంటీనా జనానికి అతనంటే హంతకుడు, లేదంటే ఉరిశిక్షలు వేసే జడ్జి. ఏ సినిమాలోనూ నాలుగు మాటలకు మించి పలికేవాడు కాదు. ఆ నాలుగూ బొంగురు గొంతుతో గుసగుసలే. అతని పళ్ళు కూడా ఎవరూ చూసి ఎరగరు. అలాంటివాడు మొదటిసారి హాస్యచిత్రం ఒప్పుకుని, కోళ్ళు జొరబడ్డ హోటలుకు యజమానిగా వేశాడు. ముందు మూడు ఎక్కిళ్ళు, వాటి వెంటే సన్నటి ఈల. అదీ అతని నవ్వు. ఈ సాంతా ఫే ఊరి వీధుల్లో పిల్లలు అప్పుడే దాన్ని అనుకరిస్తున్నారు.

ఆట వదిలారు. హైదే మొహం సున్నం కొట్టినట్టుంది.

“ఒంట్లో బాగాలేదా అక్కా? ఇంటికి పోదాం పద.”

“నువ్వెళ్ళు. నేను ఇంకో ఆట చూసి వస్తా.”

“ఇదే సినిమానా?”

“ఇదే.”

ఇద్దరూ కలిసి కర్టెన్లు కుట్టే దుకాణం నడుపుతున్నారు. ఎనిమిదేళ్ళ స్నేహం. హైదేకి యాభై దాటాయి, ఒంటరిది. సైన్యం రాజ్యమేలుతూ మనుషుల్ని ఎత్తుకుపోయిన ఆ పాత రోజుల గురించి ఎవరైనా కదిలిస్తే కుట్టుమిషన్ ఇంకా వేగంగా తొక్కేది. అందుకే నేలిదా ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు మూడున్నరకే హైదే మిషన్ ఆపి, కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు నేలిదా ఉండబట్టలేక వెనకే వెళ్ళి, రెండు వరసల వెనక కూర్చుంది. హైదే రెండు గంటల్లో ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు. లస్కానో నవ్వినప్పుడల్లా మాత్రం, పక్కగదిలో మాటలు వినేదానిలా తల కొంచెం వంచేది.

బయటికొచ్చాక నేలిదా నిలదీసింది. “టికెట్టు కొని కళ్ళు మూసుకునే దానివి, ఇంట్లో రేడియో పెట్టుకోరాదూ? కొంపదీసి ఆ ముసలోడి మీద మనసు పడ్డావా ఏంటి?”

“ముప్ఫై ఏళ్ళ నుంచి మనసులోనే ఉన్నాడు,” అంది హైదే.

“వాడు సినిమాల్లోకొచ్చిందే ఇరవై ఏళ్ళ కిందట కదక్కా!”

హైదే గబగబా రోడ్డు దాటింది.

గురువారం నేలిదా దుకాణానికి కాస్త ఆలస్యంగా వచ్చింది. తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. లోపల ఎవరో నవ్వుతున్నారు. మూడు ఎక్కిళ్ళు, సన్నటి ఈల. మళ్ళీ మూడు ఎక్కిళ్ళు, ఈల. తొంగి చూస్తే హైదే ఒక్కతే ఉంది, గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని. నోరు నవ్వుతోంది. బుగ్గలమీద నీళ్ళు కారుతున్నాయి.

నేలిదా లోపలికి పరుగెత్తింది. “నువ్వు డాక్టరు దగ్గరికి పదక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“శనివారం దాకా ఆగు,” అంది హైదే, మొహం తుడుచుకుంటూ. “శనివారం మధ్యాహ్నం ఆట అయ్యాక ఆయన మన హాలుకే వస్తున్నాడట. నాకు తోడు రా. ఒక్కదాన్నే వెళ్ళలేను.”

శనివారం హాలు ముందు జనం తొక్కిసలాడారు. లస్కానో వాకిట్లో నిలబడి అందరితో చేతులు కలుపుతున్నాడు, ఫొటోలు దిగుతున్నాడు. వరస కదులుతున్నకొద్దీ హైదే వేళ్ళు నేలిదా మణికట్టులోకి దిగిపోతున్నాయి. ముందు నలుగురే మిగలగానే ఆమె కళ్ళు మూసుకుంది.

“ఇక నన్ను నడిపించు.”

లస్కానో ఆ మూసిన కళ్ళను చూశాడు. మొహంలో జాలి కనిపించింది. “జాగ్రత్తమ్మా, ఇక్కడ మెట్టుంది,” అంటూ చెయ్యి అందించాడు. హైదే ఆ చెయ్యి పట్టుకుంది. మెట్టు దాటాక కూడా పట్టు వదల్లేదు.

“నాకోసం ఒక్కసారి నవ్వుతారా?”

“అడగాలే గానీ!” అతను నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఇంకొక్కసారి.”

మళ్ళీ నవ్వాడు. హైదే తనలో తనే తల ఊపింది.

“చూపు లేకపోయినా నా సినిమాకి వచ్చారు. ఇంతకన్నా నాకేం కావాలి!” అందరికీ వినపడేలా అన్నాడతను. “పుట్టుకతోనేనా అమ్మా?”

“కాదు. పందొమ్మిది వందల డెబ్భై ఏడులో. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఏడు నెలలపాటు ఏమీ కనిపించలేదు.”

“ఏడు నెలలేనా?” అతను తికమకపడ్డాడు. “మరి చూపెప్పుడొచ్చింది?”

హైదే కళ్ళు తెరిచింది. అతను చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

“మీరు కట్టిన గంతలు విప్పాక.”