ఏడింటి పట్టీ

వినోద బుగ్గ మీది తెల్ల పట్టీని చూసినప్పుడల్లా సుమనకు కడుపు మండేది.

బతుకుదెరువుకు వలసొచ్చిన పాండేసరలో ఇద్దరివీ పక్కపక్క గదులు. ఇద్దరి మొగుళ్ళూ ఒకే మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తారు. ఏడింటి నుంచి ఏడింటి దాకా డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కరోనా రెండో విడత తగ్గి, మగ్గాలు మళ్ళీ నిండుగా ఆడుతున్న రోజులవి.

బాత్రూములో జారిపడి వినోదకు దవడపన్ను పగిలిందట. ఆమె మొగుడు లింగం డ్యూటీ ఎగ్గొట్టి మరీ దవాఖానకు తీసుకెళ్ళాడు. రూట్ కెనాల్ చేయించాడు. నొప్పికి బుగ్గ మీద అంటించుకునే మందు పట్టీలు డబ్బాడు కొనుక్కొచ్చాడు. అంటిస్తే గంటలో అక్కడ చర్మం మొద్దుబారుతుందట. పన్నెండు గంటలు ఉంచాలి, పన్నెండు గంటలు తీసేయాలి.

మొదటి పట్టీ వాకిట్లో, అందరూ చూస్తుండగా అతనే అంటించాడు. అంటిస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తడి కళ్ళను సుమన మరిచిపోలేకపోయింది.

"నాకు పన్ను నొప్పొస్తే నువ్వు గట్ల ఏడుస్తవా?" అని మొగుణ్ణి అడిగింది.

"ముందుగాల నొప్పి రానియ్యే. ఏడ్సుడు సంగతి తర్వాత జూద్దాం," అన్నాడు నరేశ్, అన్నం కలుపుకుంటూ.

మర్నాడు కూరలో ఉప్పు పడలేదు.

నెల దాటింది. వినోద బుగ్గ మీద పట్టీ మాత్రం పోలేదు. ఒక్కోదాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి వాడుకునేది. కూరగాయల బండి దగ్గర మాస్కు పక్కనుంచి పట్టీ అంచు కనబడేది. తనకు చూపించడానికే అనుకునేది సుమన.

ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. లింగానిది పగటి డ్యూటీ అయితే, వినోద సాయంత్రం ఆరింటికి అద్దం ముందు కూర్చుని పట్టీ అంటించుకుంటుంది. రాత్రి డ్యూటీ అయితే, పొద్దున ఆరింటికి. అతను కార్ఖానాకు పోగానే తీసేస్తుంది. మొగుడొచ్చే వేళకు వేరే ఆడవాళ్ళు మొహం కడుక్కుని బొట్టు దిద్దుకున్నట్టే.

'మొగని టైము జూసి సోకులు!' అని పళ్ళు నూరుకుంది సుమన.

ఆ శనివారం సాయంత్రం ఆమె వెళ్ళేసరికి వినోద డబ్బాను బోర్లించి దులుపుతోంది. ఒకే ఒక ముక్క రాలింది.

"అది నాకియ్యవే. మా ఆయన ఇయ్యాలన్న నా మొకం జూస్తడు."

"వద్దక్కా. గదొక్కటే ఉన్నది."

"గింత పీనాసిదానివేందే? లింగమన్న రేపే ఇంకో డబ్బా తెస్తడు గద!"

"తేడక్కా. జర ఇటియ్యి."

సుమన అప్పటికే నవ్వుతూ లాక్కుంది. వెనక కాగితం ఒలిచి తన బుగ్గకు అంటించుకుంది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. బాగానే ఉన్నాననిపించింది.

"నీ పన్ను బాగయ్యి ఎన్ని దినాలాయె! నిన్న బొరుగులు పటపట నమల్తుంటివి. ఇంకా ఎందుకే నీకు?"

వినోద గోడ గడియారం వైపు చూసింది. ఆరు దాటింది.

"ఆయన వచ్చేటాల్లకు బుగ్గ మొద్దుబారి ఉంటే, దెబ్బ అంతగనం తెల్వదక్కా."