జేబు బిళ్ళ

ముంబై నుంచి వచ్చిన రిపోర్టును ఉమాశంకర్ మూడుసార్లు చదివాడు. తన రక్తంలో ఏ తేడా లేదు. హమ్మయ్య అనుకోబోయాడు.

"సంబరపడిపోకు" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు జాకబ్. "నీ బ్యాడ్జి పదేళ్ళకి తగలాల్సిన రేడియేషన్ చూపించింది. నీ ఒంట్లో దాని జాడే లేదు. అంటే కావాలనే దాన్ని మిషన్ కింద పెట్టినావు. రేపు పదింటికల్లా నిజం సెప్పు. లేదంటే ఉద్యోగం మర్చిపో."

వెల్డింగు అతుకులకి గామా కిరణాలతో ఫొటోలు తియ్యడం ఉమాశంకర్ పని. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో జేబుకున్న ఈ బ్యాడ్జి బిళ్ళ కొలుస్తుంది, అంతే. దాన్ని ఆఫీసులోనే వదలాలని రూలు. వింటేనా! రోజూ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఇంటికి తెచ్చేవాడు. తల్లి అప్పలనర్సమ్మ దానికి పసుపు రాసి, దేవుడి పటం పక్కన మేకుకి తగిలించేది. ఉద్యోగంలో చేరిన రోజు ఆవిడ భయపడి ఏడిస్తే, ఏదో చెప్పి ఊరుకోబెట్టాడు. అప్పటి నుంచీ ఇదే తంతు.

రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు. పలాసలో పుట్టింట్లో ఉన్న భార్య కోటేశ్వరికి నెలలు నిండాయి. ఆమె ఫోను ఎత్తాలంటేనే భయం. ఉద్యోగం ఊడితే పుట్టే బిడ్డ మొహం ఎలా చూడాలి?

గోల్‌బజార్‌లో అతని సైకిల్ ఒక టోటో రిక్షాని గుద్దబోయింది. "దేఖే చొలో, దాదా!" అంటూ, చూసుకుని వెళ్ళమని డ్రైవరు బెంగాలీలో కసిరాడు. ఉమాశంకర్‌కి వినపడనే లేదు.

సీమంతానికి తను పలాసలో పదిహేను రోజులున్నాడు. బిళ్ళ మేకుకే ఉంది. మొక్కుందని అమ్మ సీమంతానికి కూడా రాలేదు. పక్కింటి రిటైర్డు నర్సు ఆలిస్ ఆంటీతో రోజూ లోకల్ రైలెక్కి కలకత్తా కాళీఘాట్ గుడికి వెళ్ళొచ్చిందట. మరి ఖాళీ ఇంట్లో బిళ్ళకి రేడియేషన్ ఎక్కడిది? గాల్లోంచి ఊడిపడిందా?

ఇల్లు చేరేసరికి అమ్మ మంచం మీద ఉంది. ఉపవాసాలకి సగమైపోయింది పిచ్చితల్లి. ఆలిస్ జావ తాగిస్తోంది. ఇన్నాళ్ళూ అమ్మకి చెప్పకుండా దాచాడు. ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, నేను పలాస ఎల్లినప్పుడు నా బిళ్ళ ఎవలైనా తీసినారేటి? నిజం సెప్పు. నా ఉద్యోగం పోతాది!"

ఆలిస్ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఓలమ్మో! అది తీస్తే ఉద్యోగం పోతాదని నాకేటి తెలుసు నాయినా?" అప్పలనర్సమ్మ మెల్లగా లేచి కూర్చుంది. "ఈ బిళ్ళ ఒంటి మీదుంటే ఆ కిరణాలు మనిషినేటీ సెయ్యవని నువ్వే కదరా సెప్పినావు, అందుకే నా కడుపులో కేన్సరు గెడ్డకి కలకత్తా ఆస్పత్రిలో ఆ కిరణాల కరెంటు పెట్టిన పదిహేను రోజులూ రైకలో దాసుకుని ఎల్లినాను."